రెండు మోటార్ల ఆర్‌సి (రేడియో కంట్రోల్) విమానం: వైరింగ్ నుంచి మొదటి ఫ్లైట్ వరకు

ఒకే మోటారున్న మోడల్‌లో మోటారు ఆగితే విమానం గ్లైడర్ అవుతుంది, అంతే. రెండున్న దానిలో ఒకటి ఆగితే, తిరుగుతున్న రెండోది విమానాన్ని పక్కకు లాగి బోర్లా వేస్తుంది. అందుకే ట్విన్‌లో, అంటే రెండు మోటార్ల మోడల్‌లో, పని రెండు రకాలు: మోటార్లు రెండూ ఒకేలా తిరిగేలా చూసుకోవడం, తిరగని రోజున ఏం చేయాలో చేతికి ముందే అలవాటు చేయడం. గ్లో ఇంజిన్లయితే (ద్రవ ఇంధనంతో నడిచే చిన్న ఇంజిన్లు) రెండింటినీ ఒకే ఆర్‌పీఎం దగ్గర నిలబెట్టడమే ఒక విద్య. మొదటి ట్విన్ కరెంటుదే తీసుకోండి.

ఎయిలెరాన్లున్న (విమానాన్ని పక్కకు వాల్చే రెక్క పలకలు) నాలుగు చానెళ్ల మోడల్‌ని థ్రాటిల్ పూర్తిగా మూసి దించడం రానివాళ్లు ఇంకొన్నాళ్లు ఆగడం మేలు. మోడల్ ఎంపికలో హై వింగ్ (బాడీ పైన ఉండే రెక్క), ఫోమ్ బాడీ, 1.2 నుంచి 1.5 మీటర్ల రెక్క, ఫ్యూజలాజ్‌కి (విమానం మొండేనికి) దగ్గరగా మోటార్లు చూడండి. ట్విన్ ఆటర్ అనే చిన్న ప్రయాణికుల విమానం ఆకారం దీనికి సరిగ్గా సరిపోతుంది. సొంతంగా కట్టుకునేవాళ్లకి కాన్పూర్‌లో హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) తయారుచేసే డోర్నియర్ 228 మంచి నమూనా. రెండో ప్రపంచ యుద్ధపు మస్కిటో, పి-38 అందంగానే ఉంటాయి కానీ రెక్క కొసలు సన్నం, వేగం తగ్గితే కొస ముందు స్టాల్ అవుతుంది (లిఫ్ట్ కోల్పోతుంది). వాటిని రెండో మూడో ట్విన్‌కి ఉంచుకోండి.

పవర్ లెక్క సులువే. మామూలుగా ఎగరడానికి కిలో బరువుకు 200 నుంచి 250 వాట్లు చాలు. బ్యాటరీతో కలిపి 1.5 కిలోల మోడల్‌కి 330 వాట్లు అనుకుంటే, ఒక్కో మోటారుకు 165. 3ఎస్ లైపో (మూడు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ) లోడ్ మీద సుమారు 11 వోల్టులు ఇస్తుంది, కాబట్టి ఒక్కో వైపు 15 ఆంపియర్లు. 25 లేదా 30 ఆంపియర్ల ఈఎస్‌సీలు (మోటారు వేగాన్ని నియంత్రించే సర్క్యూట్లు) రెండు, 2200 ఎంఏహెచ్ 30సీ బ్యాటరీ ఒకటి, ఎక్స్‌టీ60 కనెక్టర్ సరిపోతాయి. ఈఎస్‌సీలు ఒకే మోడల్, ఒకే ఫర్మ్‌వేర్ అయి ఉండాలి. ఇంట్లో ఉన్న పాతదానికి కొత్తది జత చేస్తే ఒకటి ముందు, ఇంకోటి తర్వాత స్టార్ట్ అవుతాయి.

ఎక్కువమంది తప్పు చేసేది వైరింగ్‌లో. బ్యాటరీ నుంచి ఈఎస్‌సీకి వెళ్లే వైరు పొడవు పెంచకండి. పొడవైతే వోల్టేజ్ స్పైకులు పెరిగి ఈఎస్‌సీలోని కెపాసిటర్లు దెబ్బతింటాయి. ఈఎస్‌సీలను ఫ్యూజలాజ్‌లోనే, గాలి తగిలేచోట ఉంచి, మోటారుకు వెళ్లే మూడు వైర్లను పొడిగించండి. ఈఎస్‌సీని నాసెల్‌లోనే (రెక్క మీది మోటారు గూడులోనే) పెట్టక తప్పకపోతే, పెంచిన ప్రతి 10 సెంటీమీటర్లకి 220 మైక్రోఫారడ్, 35 వోల్టుల లో-ఈఎస్‌ఆర్ కెపాసిటర్ ఒకటి ఈఎస్‌సీ దగ్గరే సోల్డర్ చేయండి. ప్లస్, మైనస్ రెండుసార్లు చూసుకోండి, తిరగబడితే పేలుతుంది.

రెండు ఈఎస్‌సీల్లోనూ మామూలుగా బీఈసీ ఉంటుంది, అంటే రిసీవర్‌కి, పలకలను కదిపే సర్వో మోటార్లకి కరెంటిచ్చే సర్క్యూట్. రెండూ కలిసి రిసీవర్‌కి కరెంటు ఇస్తే, ముఖ్యంగా స్విచింగ్ బీఈసీలైతే, ఒకదానితో ఒకటి పోటీపడతాయి. ఒక ఈఎస్‌సీ సర్వో ప్లగ్‌లోంచి ఎర్ర వైరు పిన్నును సూదితో లేపి బయటికి లాగండి, హీట్ ష్రింక్ తొడిగి పక్కకు కట్టేయండి. మిగిలిన బీఈసీ ఒక్కటే సర్వోలన్నింటినీ మోయాలి, కాబట్టి కనీసం 3 ఆంపియర్లది చూసుకోండి.

ప్రాప్‌లు (ప్రొపెల్లర్లు) ఎదురెదురు దిశల్లో తిరిగితే టార్క్ కొట్టేసుకుపోతుంది, టేకాఫ్‌లో విమానం ఎడమకు లాగడం బాగా తగ్గుతుంది. ఒక మోటారు దిశ మార్చడానికి మూడు వైర్లలో ఏ రెండింటినైనా తారుమారు చేస్తే చాలు. కానీ ఆ వైపు ‘ఆర్’ అని గుర్తున్న రివర్స్ ప్రాప్ వేయాలి. మామూలు ప్రాప్‌నే వెనక్కి తిప్పి బిగిస్తే పని జరగదు. అక్షరాలు ఎప్పుడూ ముందువైపే ఉండాలి. రివర్స్‌గా తిరిగే వైపు మామూలు మరల నట్టు వదులయ్యే అవకాశం ఉంది. నైలాన్ ఇన్సర్ట్ ఉన్న నట్టు వాడి, ప్రతి ఫ్లైట్‌కి ముందు స్పానర్‌తో చూసుకోండి.

ఇప్పుడు ప్రాప్‌లు విప్పేసి కాలిబ్రేషన్. వై-హార్నెస్‌తో (ఒక చానెల్‌ని రెండుగా చీల్చే వైరుతో) రెండు ఈఎస్‌సీలనూ ఒకే థ్రాటిల్ చానెల్‌కి కలిపి, స్టిక్ పైకి పెట్టి బ్యాటరీ కలపండి, బీప్‌లు వచ్చాక స్టిక్ కిందికి. రెండూ ఒకేసారి ఒకే రేంజ్ నేర్చుకుంటాయి. తర్వాత ప్రాప్‌లు వేసి, మోడల్‌ని గట్టిగా కట్టి, వాట్‌మీటర్‌ని ఒక్కో ఈఎస్‌సీ లైనులో పెట్టి, రెండు మోటార్లూ నడుస్తుండగానే ఫుల్ థ్రాటిల్‌లో కొలవండి. రెండో కొలతకి ముందు బ్యాటరీ మళ్లీ నింపాలి, లేకపోతే రెండో వైపు ఊరికే తక్కువ చూపిస్తుంది. తేడా 5 శాతం దాటితే ప్రాప్, షాఫ్ట్ వంపు, సోల్డరింగ్ వరసగా వెతకండి.

లో-వోల్టేజ్ కటాఫ్‌ని చాలామంది పట్టించుకోరు. బ్యాటరీ అడుగంటేసరికి రెండు ఈఎస్‌సీలూ ఒకే క్షణంలో కట్ చేయవు. ఒకటి ముందు ఆపుతుంది, మీకు ఒంటి మోటారు విమానం మిగులుతుంది, అదీ ల్యాండింగ్‌కి తిరుగుతున్నప్పుడు! కటాఫ్‌ని ‘సాఫ్ట్’లో, కనిష్ఠ వోల్టేజ్‌కి పెట్టి, దాన్ని నమ్ముకోకుండా ట్రాన్స్‌మిటర్ టైమర్‌ని నమ్మండి. మొదట 5 నిమిషాలు పెట్టుకోండి. దిగాక కాసేపు ఆగి చూస్తే సెల్‌కి 3.75 వోల్టుల దగ్గర ఉండాలి. ఎక్కువ మిగిలితే సమయం కొంచెం పెంచండి.

డిఫరెన్షియల్ థ్రస్ట్, అంటే రడ్డర్‌తో (తోక మీది చుక్కానితో) పాటు మోటార్ల వేగం మారడం, కావాలంటే వై-హార్నెస్ తీసేసి మోటారుకో చానెల్ ఇవ్వాలి. కుడి రడ్డర్‌కి ఎడమ మోటారు పెరగాలి. 20 శాతంతో మొదలుపెట్టి, స్విచ్ మీద ఉంచి, నేల మీద టాక్సీకే వాడండి. గాలిలో వేగం తగ్గినప్పుడు ఇది ఆన్‌లో ఉంటే ఫ్లాట్ స్పిన్‌కి (విమానం చదునుగా సుడి తిరుగుతూ పడిపోవడానికి) దారి. ఇంకో ప్రమాదం: థ్రాటిల్ సున్నాలో ఉన్నా రడ్డర్ కదిపితే మోటారు తిరగవచ్చు. థ్రాటిల్ కట్, ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటారు ఆపే సెట్టింగ్) రెండు చానెళ్లకీ విడివిడిగా పెట్టి, ప్రాప్‌లు లేకుండా ట్రాన్స్‌మిటర్ ఆపి పరీక్షించండి.

సీజీ (గురుత్వ కేంద్రం) మాన్యువల్ చెప్పినచోటే ఉండాలి. టేకాఫ్‌లో థ్రాటిల్‌ని రెండు మూడు సెకన్లలో నెమ్మదిగా పెంచండి. పక్కకు లాగితే పైకి లేపకుండా అక్కడే ఆపేయండి. పైకెళ్లాక ఒక మోటారు ఆగిందనుకోండి: ముక్కు ఆగిన మోటారు వైపు తిరుగుతుంది, రెక్క అటే వాలుతుంది. పవర్ పెంచాలనిపిస్తుంది, అదే ముంచుతుంది. థ్రాటిల్ మూయండి, ముక్కు దించండి, రెక్కలు సమంగా చేయండి, ఎదురుగా ఉన్నచోట దించండి. ఎయిలెరాన్‌తో వాలిన రెక్కని బలవంతంగా ఎత్తితే ఆ కొస స్టాల్ అవుతుంది, రడ్డరే ముందు. మోటారుకో చానెల్ ఉంటే, 50 మీటర్ల ఎత్తులో స్విచ్‌తో ఒకటి ఆపి ఈ వరసని సాధన చేయవచ్చు.

ఎగరేసేముందు ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ మైదానం గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో) ఉందో లేదో చూడండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగులు పరిమితి, విమానాశ్రయం సరిహద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులే. హైదరాబాద్ చుట్టుపక్కల శంషాబాద్‌తో పాటు బేగంపేట, హకీంపేట, దుండిగల్ కూడా ఉన్నాయి కాబట్టి, ఖాళీ స్థలం కనబడగానే బ్యాటరీ కలపకండి.