ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లకు తోడుగా ఉండటం ఎలా?

కోనసీమలోనైనా, పాలకొల్లు, నరసాపురం వైపైనా ఇలాంటి ఇళ్లు ఊరూరా కనిపిస్తాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటారు, పెంకుటింట్లో మామ్మగారు ఒక్కరే ఉంటారు. వారానికో గంట ఇవ్వగలిగితే మీరు వాళ్లకు చాలా చేయొచ్చు.

1. ఇద్దరితో మొదలుపెట్టండి

సంఘం, బ్యానర్, వాట్సాప్ గ్రూపు ఇప్పుడే వద్దు. ఇద్దరు కలిసి రెండు మూడు ఇళ్లు చూసుకుంటే చాలు. మొదటిసారి ఆశా కార్యకర్తనో, పాలు పోసే ఆవిడనో, వాళ్లకు బాగా తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి. వాలంటీర్‌నని చెప్పుకోకండి, ఒకప్పుడు పింఛను తెచ్చిచ్చిన వాలంటీరు అనుకుని ఆ సంగతే అడుగుతారు. "ఎవరబ్బాయివి బాబూ?" అన్నప్పుడు ఇంటిపేరుతో సహా చెప్పండి, సగం పని అక్కడే అయిపోతుంది.

2. ఏం మానేశారో అడగండి

"ఏం కావాలండీ?" అంటే "ఏమీ వద్దు, బాగానే ఉన్నాను" అనే జవాబే వస్తుంది. "ఈమధ్య ఎక్కడికి వెళ్లడం మానేశారు?" అని అడిగి చూడండి. శనివారం గుడికి వెళ్లడం లేదంటే కారణం మోకాళ్లే కానక్కర్లేదు, దారిలో బోదె (చిన్న కాలువ) మీద వేసిన పలక ఊగుతుండవచ్చు. ఆ పలక సరిచేయించి, మొదటి రెండు మూడు వారాలు పక్కన నడవండి. ప్రసాదం ఇంటికి తెచ్చిచ్చి ఊరుకుంటే వాళ్లు గడప దాటడం పూర్తిగా మానేస్తారు. కూరగాయలూ అంతే. సంతకు తీసుకెళ్తే బేరం ఆవిడే ఆడతారు, నలుగురూ పలకరిస్తారు.

వాళ్ల నుంచి మీరూ ఏదైనా అడగండి. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లిన చేతులు చాలానే ఉన్నాయి. ఆదివారం పూట నేర్పమని ఇద్దరు ఆడపిల్లల్ని ఎదురుగా కూర్చోబెడితే ఆ ఇంట్లో సందడే వేరు.

3. ఏ రోజు, ఏ వేళకు వస్తారో చెప్పండి

"వీలైనప్పుడు వస్తానండీ" అనకండి. వాళ్లు వీధి తలుపు తీసుకుని ఎదురు చూస్తారు. రాలేకపోతే ముందురోజే ఫోన్ చేయండి.

4. ఫోన్ నేర్పండి, కానీ లాక్కోకండి

ఓపిక ఎక్కువ కావలసింది ఇక్కడే. మొదటి వారం వీడియో కాల్ ఎత్తడం ఒక్కటే నేర్పండి. అక్షరాల సైజు, రింగు పెంచండి. పిల్లల నంబర్లకు ఫొటోలు పెట్టి, వాట్సాప్‌లో వాళ్ల చాట్లు పైన పిన్ చేయండి.

పెద్దవాళ్లు స్క్రీన్‌ను స్విచ్ నొక్కినట్టు గట్టిగా నొక్కి పట్టుకుంటారు, దాంతో ఇంకేదో తెరుచుకుంటుంది. పొడిబారిన వేలికి స్క్రీన్ ఒక్కోసారి పలకదు కూడా. తడిగుడ్డతో వేలికొస తుడిచి, తేలిగ్గా తాకమనండి. కొన్ని ఫోన్లలో ఆకుపచ్చ గుర్తును పైకి జరిపితేనే కాల్ అందుతుంది. మీరు పక్కగదిలోకి వెళ్లి, ఆవిడంతట ఆవిడే ఎత్తేదాకా కాల్ చేస్తూ ఉండండి. ఫోన్ మాత్రం మొదటినుంచీ ఆవిడ చేతిలోనే ఉండాలి.

ఇక్కడ ఉదయం 7 గంటలంటే అమెరికాలో ముందురోజు సాయంత్రమో రాత్రో. మాట్లాడుకోవడానికి ఆ వేళ బాగుంటుంది.

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నట్టు ధ్రువపత్రం) ఇవ్వాలి, 80 ఏళ్లు దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. వేలిముద్రలు అరిగిపోయి పడకపోతే టెన్షన్ వద్దు, జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి ఇవ్వొచ్చు.

5. డబ్బు దగ్గర గట్టిగా ఉండండి

పిన్, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దనండి, మీకు కూడా. బ్యాంకుకు ఇద్దరూ కలిసే తోడు వెళ్లండి, నోట్లు వాళ్లనే లెక్కపెట్టుకోనివ్వండి. పోలీసులమని చెప్పి "డిజిటల్ అరెస్ట్" అంటూ ఫోన్లో ఎవడైనా బెదిరిస్తే ఫోన్ పెట్టేయమనండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

6. వరద మాట జూన్‌లోనే ఎత్తండి

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో ఉండే పెద్దవాళ్లను కదిలించడం అంత తేలిక కాదు. "ఎనభయ్యారు వరదే చూశాం, ఇదెంత!" అంటారు. నీళ్లు వచ్చాక వాదించి లాభం లేదు. ఎవరింటికి వెళ్తారు, గేదెను ఎవరు తోలుకెళ్తారు, పడవ దాకా ఎవరు పట్టుకుంటారు అన్నది ముందే వాళ్లనే అడిగి రాసుకోండి. మందులు, డాక్టరు చీటీ, ఆధార్, కళ్లజోడు, చెవి మిషన్ బ్యాటరీలు ఒక సంచిలో సర్ది, చేతికందే ఎత్తులో తగిలించండి.

7. మీ చేతిలో లేని పనులు

మందుల మోతాదు మార్చకండి. ఉన్నట్టుండి ఒంట్లో బాగా తేడా చేస్తే 108 అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. వృద్ధుల సమస్యలకు 14567 హెల్ప్‌లైన్ ఉంది. పిల్లలు పట్టించుకోకపోతే తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం చేసిన 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో పోషణ ఖర్చు అడగొచ్చు. అర్జీ పెట్టాలా వద్దా అన్నది మాత్రం వాళ్లనే తేల్చుకోనివ్వండి. పెడతామంటే కాగితాలు సిద్ధం చేసి, ఆఫీసు దాకా తోడు వెళ్లండి.