4 మిల్లీయాంప్ చూసి మోసపోవద్దు

విశాఖ దగ్గర ఒక బల్క్ డ్రగ్ ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంట్ పని నాది. మా సాల్వెంట్ బ్లాకులో ఉన్న గ్యాస్ డిటెక్టర్లు కెటలిటిక్ రకం. లోపల వేడెక్కి ఉన్న చిన్న పూస మీద సాల్వెంట్ ఆవిరి మండితే దాని రెసిస్టెన్స్ మారుతుంది. ఆ మార్పే ప్యానెల్‌కి సిగ్నల్‌గా వెళ్తుంది. 4 మిల్లీయాంప్ అంటే సున్నా, 12 అంటే 50 శాతం ఎల్ఈఎల్, 20 అంటే 100 శాతం. ఎల్ఈఎల్ అంటే గాలిలో ఆవిరి అంటుకోవడానికి కావాల్సిన కనీస మోతాదు.

చిక్కెక్కడంటే, పూస పనికిరాకుండా పోయినా అది 4 మిల్లీయాంపే చూపించొచ్చు. ఒకసారి మా షిఫ్టు కుర్రాడు "అన్నా, ఆ డిటెక్టర్ బంగారం, ఒక్క అలారం రాలేదు" అన్నాడు. అనుమానమొచ్చి 50 శాతం స్పాన్ గ్యాస్, అంటే మోతాదు ముందే తెలిసిన పరీక్ష గ్యాస్ పెట్టాను. రీడింగ్ 4.1 దగ్గరే నిలబడింది. ఆరా తీస్తే, పక్క తలుపు బందులు కిర్రుమంటున్నాయని ఎవరో సిలికోన్ స్ప్రే కొట్టారట. సిలికోన్ ఆ పూసకు విషం. ఎంత క్యాలిబ్రేట్ చేసినా లేచిరాదు, సెన్సర్ మార్చాల్సిందే. పెట్టె మూత మరలకు రాసే గ్రీజులో కూడా సిలికోన్ ఉండకూడదు.

పని మొదలెట్టే ముందు పర్మిట్ తీసుకోండి, కంట్రోల్ రూమ్‌కి చెప్పి ఆ డిటెక్టర్ ఛానెల్ బైపాస్ చేయించండి, అంటే దాని సిగ్నల్ ప్లాంట్‌ని ఆపకుండా పక్కన పెట్టించండి. లేదంటే మీ స్పాన్ గ్యాస్‌కే ప్లాంట్ ట్రిప్ అయి ఆగిపోవచ్చు. తర్వాత డిటెక్టర్ మూతికున్న ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడండి. పెయింటర్లు డిటెక్టర్ మూతి మీద కూడా బ్రష్ తిప్పేస్తారు. టోలీన్ లాంటి ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి డిటెక్టర్లు నేలకు దగ్గరగా పెడతాం, నేల కడిగిన నీళ్లు కూడా అందులోకే చిమ్ముతాయి.

సున్నా సెట్ చేయడానికి జీరో ఎయిర్ (ఆవిరి లేని శుభ్రమైన గాలి) సిలిండరే వాడండి. చుట్టూ కాస్త ఆవిరి ఉండగా జీరో కొడితే, ఆ ఆవిరినే అది సున్నా అనుకుంటుంది. స్పాన్ గ్యాస్ కప్పు తగిలించి, మాన్యువల్‌లో చెప్పిన ఫ్లోలో వదలండి, రీడింగ్ నిలబడేదాకా ఆగండి. సరిచేయకముందు ఎంత చూపించిందో రాసుకోండి. డిటెక్టర్ ఆరోగ్యం తెలిసేది ఆ అంకెతోనే.

సిలిండర్ లేబుల్ కూడా చదవండి. అందులో 2.5 శాతం మీథేన్ ఉంటే, మీథేన్ ఎల్ఈఎల్‌ని 5 శాతంగా తీసుకునే ప్రమాణం లెక్కన అది 50 శాతం ఎల్ఈఎల్ అవుతుంది, 4.4గా తీసుకునే ప్రమాణం లెక్కన సుమారు 57. మీథేన్‌తో స్పాన్ చేసిన డిటెక్టర్ టోలీన్‌ని తక్కువగా చూపిస్తుంది, రీడింగ్ సరిచేయడానికి తయారీదారు ఇచ్చిన ఫ్యాక్టర్ వాడాలి. సిగరెట్ లైటర్ గ్యాస్ ఊది "పనిచేస్తోంది" అనేవాళ్లున్నారు. అందులో గ్యాస్ ఎంతుందో లెక్క లేదు, పైగా పూస దెబ్బతింటుంది.

ప్యానెల్‌లో సున్నా మిల్లీయాంప్ ఉంటే ఫ్యూజు, తెగిన వైరు, 24 వోల్టుల సప్లై చూడండి. వోల్టేజి కొలవాల్సింది ప్యానెల్ దగ్గర కాదు, డిటెక్టర్ టెర్మినల్ దగ్గర, లోడు మీద ఉండగా. పొడవాటి కేబుల్ కొన్ని వోల్టులు తినేస్తుంది. కరెంటు ఉన్న ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టె (లోపలి మంట బయటికి రాని పెట్టె) తెరవాలంటే గ్యాస్ లేదని పోర్టబుల్ మీటరుతో చూసుకోవాలి, నిప్పురవ్వలు రేగే పనికిచ్చే హాట్ వర్క్ పర్మిట్ కూడా ఉండాలి.

వానాకాలంలోనే రీడింగ్ ఊగుతుంటే కేబుల్ పెట్టెలోకి దూరే చోట ఉండే గ్లాండు విప్పి చూడండి, నీటి చుక్కలు కనిపించొచ్చు. వాకీటాకీ నొక్కినప్పుడే రీడింగ్ ఎగిరితే కేబుల్ షీల్డు (వైర్ల చుట్టూ ఉండే లోహపు పొర) చూడండి, సాధారణంగా అది ప్యానెల్ వైపు ఒక్క చివరే ఎర్త్ అయి ఉండాలి. నైట్రోజన్ నిండిన చోట పూస తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే మండటానికి ఆక్సిజన్ కావాలి. అలాంటి చోట ఇన్‌ఫ్రారెడ్ రకం అడగండి.

అంతా అయ్యాక గ్యాస్ తీసేసి, రీడింగ్ 4కి దిగాకే బైపాస్ తీయించండి. తీశామని ఫోన్‌లో చెప్తే సరిపోదు, ప్యానెల్ దగ్గరికెళ్లి మీ కళ్లతో చూసుకోండి.