సరిగమలను టైపు చేసే రాత పద్ధతి: చిక్కులు, కారణాలు, పరిష్కారాలు

బల్లార్‌పూర్, రాజురా, సిరొంచ వంటి మహారాష్ట్ర ప్రాంతాల్లోని తెలుగు ఇళ్లలో పిల్లలకు సంగీతం రెండు వైపుల నుంచి అందుతుంది. తెలుగు గురువు సరళీ వరుసలు, గీతాలు కర్ణాటక పద్ధతిలో రాయిస్తారు. భజన మండలిలో హార్మోనియం చెప్పే మాస్టారు విష్ణు నారాయణ భాత్ఖండే ఏర్పరచిన హిందుస్థానీ పద్ధతిలో రాయిస్తారు. ఒకే నోటుపుస్తకంలో ఈ రెండు రాతలూ పక్కపక్కనే ఉంటాయి. చేతిరాతగా ఉన్నంతకాలం ఏ పేజీ ఎవరు చెప్పినదో పిల్లలకు గుర్తుంటుంది కాబట్టి చిక్కు రాదు. ఆ పేజీలనే కీబోర్డుపై అక్షరాలుగా టైపు చేసి, ప్రోగ్రాం చేత అందమైన స్వరపత్రంగా అచ్చు వేయించాలని కూర్చున్నప్పుడు మాత్రం, చదివేవారి మనసులో ఉన్న ఆ ఎరుక ప్రోగ్రాముకు లేదని తేలుతుంది.

అక్షరాలుగా టైపు చేసిన సంగీతాన్ని అచ్చురూపంలోకి మార్చే సాధనాలు కొత్తవేమీ కావు. 1996లో మొదలైన లిలీపాండ్, జానపద బాణీలు రాసుకునేవారికి ప్రియమైన ఏబీసీ పద్ధతి ఈ కోవలోవే. కాని అవి పాశ్చాత్య స్వరలిపి కోసం పుట్టినవి. సరిగమల కోసం సొంతంగా ఇన్‌పుట్ వ్యాకరణాన్ని (ఏ గుర్తు ఎలా టైపు చేయాలో చెప్పే నియమాలను) రూపొందించుకునేవారికి ఎదురయ్యే చిక్కులను, వాటి మూలాలను, దిద్దుబాటును ఇక్కడ వివరిస్తున్నాను. ప్రోగ్రాం పనితీరులో లోపాలుగా కనిపించే వాటిలో చాలా భాగం, ఒక గుర్తుకు రెండు అర్థాలు ఇచ్చి ఏది వర్తిస్తుందో ఫైలులో చెప్పకపోవడం వల్ల వచ్చినవేనని నా గట్టి అభిప్రాయం.

పంక్తి సరిగానే టైపు చేసినా తాళం లెక్క తప్పుతోంది

అన్నిటికన్నా ముందు ఎదురయ్యేదీ, అన్నిటికన్నా లోతైనదీ ఈ చిక్కే.

కర్ణాటక రాతలో దీర్ఘానికి కాలపు విలువ ఉంది. "స" ఒక అక్షరకాలం (తాళంలో ఒక లెక్క, క్లుప్తంగా అక్షరం), "సా" రెండు అక్షరకాలాలు. అందువల్ల "స రి గా | మ ప | దా ||" అని రాస్తే ఆది తాళానికి 4, 2, 2 చొప్పున 8 అక్షరాలు సరిపోతాయి. భాత్ఖండే పద్ధతిలో "సా", "రే" అనేవి స్వరాల పేర్లు మాత్రమే. ఆ దీర్ఘానికి కాలంతో సంబంధం లేదు, పొడిగింపును అడ్డగీతతో చూపుతారు. హార్మోనియం తరగతిలో కెహర్వా తాళానికి రాయించిన "సా రే గ మ | ప ధ ని సా ||" అనే పంక్తిలో 4, 4 చొప్పున 8 మాత్రలు (హిందుస్థానీ తాళపు లెక్కలు) ఉన్నాయి. ఇదే పంక్తిని కర్ణాటక రీతిలో చదివితే మొదటి భాగం 6, రెండవది 5 అయి మొత్తం 11కు చేరుతుంది. పై ఆది తాళం పంక్తిని హిందుస్థానీ రీతిలో చదివితే 6తోనే ఆగిపోతుంది. రెండు పంక్తులనూ రాసినవారు సరిగానే రాశారు. తప్పు వ్యాకరణానిది.

దీనికి పరిష్కారం ఫైలు మొదటి పంక్తుల్లోనే ఉండాలి. "పద్ధతి: కర్ణాటక" లేదా "పద్ధతి: హిందుస్థానీ" అనే పంక్తిని తప్పనిసరి చేసి, అది లేని ఫైలును అచ్చు వేయకుండా వెనక్కి పంపాలి. లెక్క సరిపోని పంక్తిని రెండవ రీతిలో కూడా చదివి చూసి, "హిందుస్థానీ రీతిలో చదివితే 8 మాత్రలు సరిపోతున్నాయి, పద్ధతి పంక్తిని సరిచూడండి" అని సూచించడం మేలైన సహాయమే. అయితే ఆ సూచనను ప్రోగ్రాం తానే అమలు చేయకూడదు. ఆవర్తనం (తాళం ఒక పూర్తి చుట్టు) మధ్యలో మొదలయ్యే పాటల్లో, సగం ఆవర్తనంతో ముగిసే పంక్తుల్లో ఈ లెక్క సులువుగా దారి తప్పిస్తుంది. అప్పుడు తప్పు చదువు అందంగా అచ్చయి పిల్లల చేతికి చేరుతుంది. అక్షరాల వర్ణక్రమంలో ఎంత ఉదారంగా ఉన్నా ఫరవాలేదు గాని, కాలం విషయంలో ఊహకు చోటు ఇవ్వకూడదు.

"గుర్తించని స్వరం" అనే హెచ్చరిక పదేపదే వస్తోంది

ధైవతాన్ని కొందరు "ద" అని, కొందరు "ధ" అని రాస్తారు. మరాఠీ మాధ్యమంలో చదివిన పిల్లలు దాదాపు ఎప్పుడూ ఒత్తుతోనే రాస్తారు. రిషభం "రి", "రె", "రే" అని మూడు రూపాల్లో వస్తుంది. వీటన్నిటినీ ఒక పట్టికలో చేర్చి, లోపల ప్రతి స్వరాన్నీ ఒక సంఖ్యగా దాచుకోవాలి. అలా దాచుకుంటే, తెలుగు లిపి ధారాళంగా చదవలేని పిల్లలకు అదే ఫైలును దేవనాగరిలో అచ్చు వేసి ఇవ్వడం కూడా సులువవుతుంది.

హెచ్చరిక "రి", "ని" అక్షరాల దగ్గర మాత్రమే వస్తూ ఉంటే కారణం వేరు. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే సంకేతాల పద్ధతి అయిన యూనికోడ్‌లో "రి" ఒకే అక్షరం కాదు, "ర"కారమూ గుడి గుర్తూ కలిసిన జంట. ప్రోగ్రాం ఒక్కొక్క సంకేతాన్ని విడిగా చదువుతుంటే ఆ గుడి దానికి అనాథగా కనిపిస్తుంది. హల్లును, దాని గుణింతపు గుర్తును కలిపి ఒకటిగా చదివేలా మార్చాలి.

సాహిత్యం పంక్తి స్వరాలుగా మారిపోయింది

తెలుగులో ఈ ప్రమాదం మిగతా భాషలకన్నా ఎక్కువ. పని, గరిమ, నిగమ, దరిని, సరిగా వంటి మాటలు పూర్తిగా స్వరాక్షరాలతోనే ఏర్పడినవి. పంక్తిలోని అక్షరాలను చూసి అది స్వరమా సాహిత్యమా అని ప్రోగ్రాం చేత ఊహింపజేసే పద్ధతి ఇటువంటి మాట తగిలిన మొదటిసారే కూలిపోతుంది. పైగా స్వరాక్షర ప్రయోగంలో వాగ్గేయకారులు స్వరం పేరునూ సాహిత్యపు అక్షరాన్నీ ఉద్దేశపూర్వకంగానే ఒకటి చేస్తారు. అంటే ఈ సందిగ్ధత భాషలోనే కాక సంగీతంలోనూ ఉంది. ఎంత తెలివైన ఊహ అయినా దాన్ని విడదీయలేదు.

ప్రతి పంక్తి మొదట "స్వరం:" లేదా "సాహిత్యం:" అనే పేరు, ఆ వెంటనే రెండు చుక్కలు ఉండాలని నియమం పెట్టాలి. టైపు చేసే శ్రమ తగ్గుతుందని ఈ పేర్లను "స:", "సా:" అని కుదించకూడదు. అవి మళ్లీ స్వరాలే అవుతాయి.

సాహిత్యపు అక్షరాలు తమ స్వరాల కింద కుదరడం లేదు

నోటుపుస్తకంలో చేసినట్టే ఖాళీలు పెట్టి నిలువుగా సరిచేయాలని చాలామంది ప్రయత్నిస్తారు. తెలుగు అక్షరాల వెడల్పు ఒకటి కాదు, ఫాంటు మారితే ఆ వెడల్పులూ మారుతాయి. కాబట్టి తెరపై కుదిరినది వాట్సాప్‌లో పంపగానే చెదిరిపోతుంది. ఖాళీల సంఖ్యకు అర్థం ఇవ్వకుండా, వరుస సంఖ్యను బట్టి జత చేయాలి: మొదటి సాహిత్యాక్షరం మొదటి స్వరానికి, రెండవది రెండవదానికి. ఒక అక్షరం అనేక స్వరాలపై సాగితే మిగతా చోట్ల "ఽ" పెట్టమనాలి. మాటలోని అక్షరాలను చిన్న గీతతో విడదీయమనాలి.

విడదీసే పనిని ప్రోగ్రాముకే అప్పగిస్తే రెండు పొరపాట్లు వస్తాయి. "లక్ష్మి" వంటి మాటల్లో సంయుక్తాక్షరం ముక్కలవుతుంది. తెలుగు సంయుక్తాక్షరాలను ఒకే గుత్తిగా పరిగణించే నియమం యూనికోడ్‌లో 2023 నాటి 15.1 కూర్పుతో వచ్చింది కనుక, అంతకు ముందరి సాఫ్ట్‌వేర్ వాటిని విరిచేస్తుంది. మాట చివరి పొల్లు హల్లు ముందరి అక్షరంతో కలవకుండా ఒంటరిగా నిలబడి ఒక స్వరాన్ని ఆక్రమించడం రెండవది. పాడేవారు స్వయంగా గీతలు పెట్టి విడదీయడమే నమ్మదగిన దారి.

కుండలీకరణాల్లోని స్వరాలు ఒకరి ఫైలులో సరిగా, మరొకరి ఫైలులో తప్పుగా అచ్చవుతున్నాయి

కర్ణాటక రాతలో స్వరాలపై గీత ఉంటే వేగం రెట్టింపు అని అర్థం. రెండు గీతలైతే నాలుగు రెట్లు. భాత్ఖండే పద్ధతిలో స్వరాల కింద గీసే వంపుగీతకు, ఎన్ని స్వరాలున్నా అవన్నీ ఒకే మాత్రలో ఇమడాలని అర్థం. రెండు స్వరాలు ఉన్నంతవరకు ఈ రెండూ ఒకే ఫలితాన్ని ఇస్తాయి కాబట్టి భేదం బయటపడదు. మూడవ స్వరం చేరగానే పడుతుంది: "(స రి గ)" మొదటి అర్థంలో ఒకటిన్నర అక్షరం, రెండవ అర్థంలో ఒకే మాత్ర.

రెండు భావాలకు రెండు గుర్తులు ఇవ్వడం తప్ప మార్గం లేదు. గుండ్రని కుండలీకరణాలు వేగాన్ని రెట్టింపు చేయడానికి, "[స రి గ]" వంటి పలక కుండలీకరణాలు ఒకే మాత్రలో సమంగా ఇమడ్చడానికి ఉంచుకుంటే, తిస్ర గతి (ఒక లెక్కకు మూడు స్వరాల నడక) కూడా ఇబ్బంది లేకుండా రాయవచ్చు. కామా, సెమికోలన్ విలువలను చుట్టూ ఉన్న వేగాన్ని బట్టి లెక్కించాలి: బయట ఒక అక్షరం పొడిగించే కామా రెట్టింపు వేగంలో అర అక్షరమే పొడిగిస్తుంది. చాలా ప్రోగ్రాములు కామాకు స్థిరమైన విలువ ఇచ్చి ఇక్కడే చిక్కుకుంటాయి.

తార, మంద్ర స్థాయిలు తారుమారవుతున్నాయి

అచ్చు పుస్తకాల్లో తార (పై) స్థాయికి పైన చుక్క, మంద్ర (కింది) స్థాయికి కింద చుక్క ఉంటాయి. యూనికోడ్‌లో కలిసే చుక్కలు ఉన్నా వాటిని ఇన్‌పుట్‌లో అడగకూడదు. ఫోను కీబోర్డుపై అవి సులువుగా దొరకవు, దొరికినా "రి", "ని"ల గుడిపై పడి కనిపించకుండా పోతాయి. తారకు స్వరం తరువాత "స'" అని ఒంటి కొటేషన్ గుర్తు, మంద్రకు "ని." అని చుక్క పెట్టమని చెప్పి, అచ్చులో చుక్కలను ప్రోగ్రామే తగినంత ఎత్తులో గీయడం మంచిది. లిలీపాండ్‌లో మంద్రానికి వాడే కామాను ఇక్కడ అరువు తెచ్చుకోరాదు. మన రాతలో కామా కాలాన్ని పొడిగించే గుర్తు కనుక, ఆ ఫైలును లిలీపాండ్‌కు ఎగుమతి చేసేటప్పుడు మాత్రమే గుర్తులను మార్చాలి. ఏబీసీలో అక్షరాల పెద్ద, చిన్న రూపాలతో స్థాయిని చూపే ఉపాయం తెలుగు లిపిలో ఎలాగూ సాధ్యం కాదు.

గుర్తు సరిగానే ఉన్నా ప్రోగ్రాం తార స్థాయిని పట్టించుకోకపోతే, ఫోను నిటారు కొటేషన్ గుర్తును వంపు గుర్తుగా తనంతట తానే మార్చిందేమో చూడాలి. రెండింటినీ సమానంగా అంగీకరించాలి.

ముందరి స్వరానికి దగ్గరగా ఉన్న స్థాయిని ప్రోగ్రామే ఎంచుకునే సాపేక్ష పద్ధతి లిలీపాండ్‌లో ఉంది. మన అవసరానికి దాన్ని నేను సిఫారసు చేయను. ఒక్క గుర్తు తప్పితే ఆపై పంక్తులన్నీ ఒక స్థాయి జరిగిపోతాయి, తప్పు జరిగిన చోటు వెతకడం పిల్లలకు కష్టం.

ఏ ఆవర్తనంలో తప్పుందో తెలియడం లేదు

మొదట నిలువుగీతను సరిచూడాలి. కీబోర్డు నిలువుగీత వేరు, భారతీయ లిపుల పూర్ణవిరామ దండం వేరు; చూపుకు ఒకటే అయినా వాటి సంకేతాలు వేరు. వ్యాకరణం రెండింటినీ ఒకటిగా చదవాలి.

గీతను అలంకారంగా కాక తనిఖీ కేంద్రంగా వాడుకోవాలి. లిలీపాండ్‌లో నిలువుగీత చేసే పని ఇదే: అక్కడికి కాలం నిండలేదని తేలితే హెచ్చరిస్తుంది, కాని పని ఆపదు. మన ప్రోగ్రాం ప్రతి అంగం (ఆవర్తనంలో ఒక భాగం) చివర లెక్క చూసి, "3వ ఆవర్తనం, 2వ అంగం: 2 అక్షరాలు ఉండవలసిన చోట 3 ఉన్నాయి" అని తెలుగులో చెప్పి ముందుకు సాగాలి. పాట సమం (తాళం మొదలయ్యే చోటు) దాటాక ఎత్తుకునేదైతే మొదటి ఆవర్తనం పేరుకు అసంపూర్ణమే అవుతుంది. "ఎడుపు: 1/2" వంటి పంక్తితో ఆ విషయం ముందే చెప్పే వీలుంటే అనవసరమైన హెచ్చరిక రాదు.

వినిపించే స్వరస్థానం తప్పుగా ఉంది

"మేళం: 15" అని మేళకర్త (జనక రాగం) సంఖ్య చెబితే మాయామాళవగౌళ స్వరస్థానాలన్నీ నిర్ణయమవుతాయి. అన్యస్వరం (ఆ మేళంలో లేని స్వరస్థానం) వచ్చిన చోట మాత్రమే "గ2" అని అంకె పెట్టాలి. ఏబీసీ, లిలీపాండ్ అలవాటున్నవారు ఆ అంకెను కాలంగా భావించి రాస్తారు కాబట్టి, "స4" వంటివి కనిపిస్తే అంకె ఇక్కడ స్వరస్థానమని స్పష్టంగా చెప్పే హెచ్చరిక ఉండాలి. హిందుస్థానీ ఫైళ్లలో కోమల రిషభం రి1కి, కోమల గాంధారం గ2కి, తీవ్ర మధ్యమం మ2కి సమానమని పట్టికలో చేర్చాలి. హార్మోనియంపై రి2, గ1 ఒకే మెట్టు అయినా ఫైలులో రాసిన పేరును అలాగే ఉంచాలి. మెట్టు సంఖ్యను మాత్రమే దాచుకుంటే పేరు తిరిగి రాదు.

గమకాలను (స్వరాన్ని ఊపి, జార్చి పలికే తీరులను) స్వరానికి అతికించకుండా "గమకం:" అనే వేరే పంక్తిలో ఉంచితే చాలు. 1904లో ఎట్టయపురం నుంచి తెలుగులో వెలువడిన సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో ప్రతి గమకానికీ వేరే చిహ్నం ఉంది. ఆ వర్గీకరణనే పేర్ల జాబితాగా తీసుకోవచ్చు.

వ్యాకరణం మార్చాక పాత ఫైళ్లు తెరుచుకోవడం లేదు

"కూర్పు: 1" అనే పంక్తి మొదటి రోజు నుంచే ఉండాలి. లిలీపాండ్ ఫైళ్లలో ఇటువంటి పంక్తి ఉండడం వల్లనే పాత రాతను కొత్తదానికి మార్చే సహాయక ప్రోగ్రాం అక్కడ పనిచేయగలుగుతోంది. మార్పు చేసిన ప్రతిసారీ మూల ఫైలును అలాగే ఉంచి కొత్తదాన్ని పక్కన సృష్టించాలి. పద్ధతి పంక్తి లేని పాత ఫైలు ఎదురైతే దాన్ని యంత్రానికి వదిలివేయకుండా, ఆ పేజీ రాయించినది తెలుగు గురువా హార్మోనియం మాస్టారా అని కనుక్కొని, ఆ పంక్తిని చేర్చిన తరువాతే మార్పిడికి ఇవ్వాలి.