సిక్కోలు ఆకాశంలో బర్నార్డ్ నక్షత్రాన్ని పట్టుకోవడం ఎలా?

సూర్యునికి పొరుగున ఉన్న ఎర్ర మరుగుజ్జు నక్షత్రాలలో (సూర్యుని కంటే చిన్నవి, మసకవి) శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వారికి నేను ముందుగా సూచించేది బర్నార్డ్ నక్షత్రాన్నే. ప్రాక్సిమా సెంటారీ ఇంకా దగ్గరిదే గాని, మనకు దక్షిణ దిగంతం మీద తొమ్మిది డిగ్రీల ఎత్తు దాటదు. ఆ ఎత్తున సముద్రం మీది తేమగాలి దానిని కనబడనీయదు. 5.96 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న బర్నార్డ్ నక్షత్రం మాత్రం మనకు 76 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. దాని ప్రకాశ పరిమాణం 9.5 (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది) కనుక కంటికి కనిపించదు. 80 మిల్లీమీటర్ల చిన్న టెలిస్కోపు సరిపోతుంది.

జూన్‌లో అది అర్ధరాత్రి వేళకు నడినెత్తికి చేరువగా వస్తుంది, కానీ అప్పటికి నైరుతి మేఘాలు కమ్ముకుంటాయి. అక్టోబరు సాయంత్రాల్లో పడమట దొరుకుతుంది గాని, అది మనకు తుపానుల నెల. 2018లో తిత్లీ వచ్చింది ఆ నెలలోనే. అందువల్ల ఏప్రిల్ రెండో సగం నుంచి మే నెలాఖరు వరకు వెతకడం మంచిది. మే మొదటి వారంలో అది రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఉదయించి, తెల్లవారుజామున మూడింటి ప్రాంతంలో అత్యధిక ఎత్తుకు చేరుతుంది. అమావాస్య మొదలు శుద్ధ సప్తమి దాకా చంద్రుడు అర్ధరాత్రికే అస్తమిస్తాడు కనుక ఆ రోజులను ఎంచుకోండి.

మినుము, పెసర కోతలయ్యాక ఖాళీగా ఉండే కళ్ళం ఇందుకు చక్కని చోటు. పాముల భయం ఉంటుంది కాబట్టి బూట్లు, ఎర్ర కాగితం చుట్టిన టార్చిలైటు తప్పనిసరి. ఉద్దానం కొబ్బరితోటల్లో, దారి చూపే జ్యేష్ఠ (అంటారిస్) నక్షత్రం చెట్ల చాటున పడవచ్చు గాని, మన నక్షత్రం అంత ఎత్తున ఉంటుంది కనుక నడుమ కొంత ఖాళీ దొరికితే చాలు. తీరానికి దగ్గరగా ఉంటే కటకంపై మంచు పడుతుంది. గుడ్డతో తుడవకుండా, ముందే అట్టతో గొట్టంలా ఒక తొడుగు చేసి బిగించుకోవాలి.

ఉత్తరాన ఉన్న అభిజిత్తు (వేగా) నక్షత్రం నుంచి దక్షిణాన ఎర్రగా వెలిగే జ్యేష్ఠ వరకు ఒక గీత ఊహించుకోండి. ఆ దారిలో మొదట రసల్‌హేగ్, తరువాత దాదాపు సగం దూరంలో, గీతకు కాస్త తూర్పుగా, నారింజ ఛాయ గల సెబల్‌రాయ్ అనే నక్షత్రాలు కనిపిస్తాయి. సెబల్‌రాయ్ నుంచి తూర్పుగా నాలుగు డిగ్రీలు జరిగితే 66 ఓఫియూకై అనే మసక నక్షత్రం వస్తుంది. దానికి పడమరగా, కొద్దిగా ఉత్తరాన, ముప్పావు డిగ్రీ లోపే బర్నార్డ్ నక్షత్రం ఉంటుంది. తక్కువ వర్ధనం గల కటకంలో రెండూ ఒకే దృశ్యంలో పడతాయి. అద్దాల టెలిస్కోపులో దృశ్యం తలకిందులవుతుందని గుర్తుంచుకొని, నక్షత్ర పటాన్ని కూడా తిప్పి పట్టుకోండి.

దాని గ్రహాన్ని చూడాలన్న ఆశ మాత్రం వదులుకోవాలి. 2024 అక్టోబరులో చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుకు అమర్చిన ఎస్ప్రెస్సో అనే, నక్షత్ర కాంతిని వర్ణపటంగా విడదీసే పరికరంతో కనుగొన్నట్టు ప్రకటించిన ఆ గ్రహం 3.15 రోజులకొకసారి నక్షత్రాన్ని చుట్టివస్తుంది. కనీస ద్రవ్యరాశి భూమిలో మూడో వంతు ప్రాంతం. దాని ఆకర్షణకు నక్షత్రం సెకనుకు అర మీటరు వేగంతో, అంటే మనిషి నడక కంటే నెమ్మదిగా, ముందుకూ వెనక్కూ ఊగుతుంది. వర్ణపటంలో పట్టుకున్నది ఆ ఊగునే. 2025లో మరో మూడు గ్రహాలు ఖాయమయ్యాయి. వీటిలో ఏదీ నక్షత్రానికి అడ్డుగా వచ్చినట్టు కనబడలేదు కనుక, వెలుగు తగ్గడాన్ని కొలిచే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

మనం కొలవగలిగినది నక్షత్రపు నడక. 1916లో ఖగోళ శాస్త్రజ్ఞుడు బర్నార్డ్ గుర్తించినట్టు అది ఏడాదికి 10.3 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) జరుగుతుంది. 200 మిల్లీమీటర్ల కటకం గల సాధారణ కెమెరాలో ఇది సుమారు రెండు పిక్సెళ్ళు. ఆకాశంతో పాటు తిరిగే పీఠం లేనివారు అర సెకను చొప్పున చాలా ఫొటోలు తీసి కలుపుకోవాలి. 1963లో ఖగోళ శాస్త్రజ్ఞుడు పీటర్ వాన్ డి కాంప్ ఇదే నక్షత్రానికి ప్రకటించిన గ్రహం తరువాత నిలబడలేదు. ఆయన చూసిన ఊగులో టెలిస్కోపు కటకాన్ని సర్దినప్పటి మార్పులే కలిసివచ్చాయి. అందుచేత మీరు కూడా ఏటా అదే కటకంతో, అదే కెమెరాతో, నక్షత్రం దాదాపు అదే ఎత్తున ఉన్నప్పుడే తీసి, చుట్టుపక్కల కదలని నక్షత్రాలతో పోల్చి కొలవండి. జరుగుడు దాదాపు నేరుగా ఉత్తరానికే ఉండాలి; మరో దిక్కుకు కనిపిస్తే ముందుగా ఫొటోలను ఒకదానిపై ఒకటి పేర్చిన తీరును సరిచూసుకోండి.