థియరిటికల్ అంటే ఉత్తుత్తిది కాదు

ఒకసారి ఆఫీసులో ఒక సాఫ్ట్‌వేర్ లోపం గురించి మెయిల్ రాస్తూ 'థియరిటికల్ రిస్క్' అన్నాను. ఇప్పటిదాకా ఎవరికీ ఎదురుకాలేదు గానీ డిజైన్ చూస్తుంటే ఏదో ఒకరోజు వచ్చేలాగే ఉంది, ముందే సరిచేద్దాం అని నా ఉద్దేశం. చదివినాయన 'ఓకే, అయితే వదిలేద్దాం' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. తప్పు ఆయనది కాదులెండి. రిస్క్, ప్రాబ్లమ్ లాంటి మాటల ముందు థియరిటికల్ పెడితే, చదివేవాళ్లకి చాలాసార్లు 'కాగితం మీద మాత్రమే ఉంది, కంగారుపడక్కర్లేదు' అన్నట్టే వినిపిస్తుంది. నేను రాయాల్సింది 'పొటెన్షియల్ రిస్క్' అని, లేదా శుభ్రంగా 'ఇంకా జరగలేదు, కానీ జరిగే అవకాశం ఉంది' అని.

డిక్షనరీ చూస్తే 'సైద్ధాంతిక' అని ఉంటుంది, దాంతో ఎవరికీ ఒరిగేదేమీ లేదు. నేను వాడే చిట్కా వేరు. థియరిటికల్ రాయబోయే చోట మనసులో 'లెక్క ప్రకారం' లేదా 'సూత్రం ప్రకారం' అని పెట్టి చూడండి. వాక్యం నిలబడితే మాట సరైనదే. ఉదాహరణకి యూఎస్‌బీ 2.0 థియరిటికల్ స్పీడ్ సెకనుకి 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. మనం ఫైల్ కాపీ చేసేటప్పుడు చూస్తే 40 మెగాబైట్లు దాటడం కూడా కష్టమే, ఎందుకంటే ఆ దారిలో మన డేటాతో పాటు పంపకానికి సంబంధించిన అదనపు సమాచారం కూడా పోతుంది, మధ్యమధ్యలో ఆగాల్సీ వస్తుంది. అలాగని 480 అబద్ధమా అంటే కాదు, అది లెక్క ప్రకారం గరిష్ఠ పరిమితి. కెమిస్ట్రీలో థియరిటికల్ ఈల్డ్ (రసాయన చర్యలో రావాల్సిన పదార్థం మొత్తం) కూడా ఇలాంటిదే: సమీకరణం ప్రకారం ఇంత రావాలి, బీకరులో మాత్రం సాధారణంగా అంతకన్నా తక్కువే వస్తుంది.

ఇక ఎక్కువమంది తడబడేది హైపోథెటికల్ దగ్గర. ఈ రెంటినీ అటూ ఇటూ మార్చి వాడేస్తుంటారు. హైపోథెటికల్‌కి పరీక్ష మాట 'అనుకుందాం'. రేపు కంపెనీ మూతపడిందనుకుందాం, అప్పుడేం చేస్తారు? ఇది హైపోథెటికల్ ప్రశ్న. దీని వెనక లెక్కా లేదు, సూత్రమూ లేదు, ఊరికే ఒక పరిస్థితిని ఊహించుకున్నాం అంతే. దీన్ని థియరిటికల్ క్వశ్చన్ అంటే పుస్తకంలోని సిద్ధాంతం మీద ప్రశ్న అనుకునే ప్రమాదం ఉంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నామంటే ఆ కొడుకు హైపోథెటికల్, థియరిటికల్ కాదు.

రెంటికీ తేడా ఒక్క మనిషి కథలో కనిపిస్తుంది. భౌతిక శాస్త్రవేత్త పీటర్ హిగ్స్ 1964లో ఒక కణం ఉండాలని లెక్కల ద్వారా సూచించారు. అది 2012లో యూరప్‌లోని కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో దొరికింది. అప్పటివరకు, లెక్క ఉన్నా కణం నిజంగా ఉందో లేదో తేలలేదు కాబట్టి, దాన్ని హైపోథెటికల్ పార్టికల్ అనేవాళ్లు, దొరికాక ఆ మాట తీసేశారు. కానీ హిగ్స్‌ని మాత్రం ఆ తర్వాత కూడా థియరిటికల్ ఫిజిసిస్ట్ అనే పిలిచారు. ఎందుకంటే థియరిటికల్ అనేది పని చేసే పద్ధతి పేరు, ఆయన ప్రయోగశాలలో కాకుండా సమీకరణాలతో పనిచేసే మనిషి అని దానర్థం. రుజువైనంత మాత్రాన ఆ మాట పోదు. 'నిరూపణ కానిది' అని ఒక్క అర్థమే బట్టీ పట్టినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

'వెరీ', 'టూ' లాంటివి ముందు పెట్టొచ్చా? క్లాసు మరీ పుస్తకాల గోలలా ఉంది, చేతికి పని లేదు అనాలంటే 'టూ థియరిటికల్' బాగుంటుంది. 'వెరీ థియరిటికల్ స్పీడ్' మాత్రం అనకండి, లెక్క ప్రకారం వచ్చే అంకెలో ఎక్కువ తక్కువలు ఉండవు కదా. రాత పరీక్షని థియరిటికల్ ఎగ్జామ్ అనేకన్నా థియరీ ఎగ్జామ్ అంటేనే సహజంగా ఉంటుంది.

మాటల్లో అయితే 'ఇన్ థియరీ' తేలిగ్గా దొర్లుతుంది, కాకపోతే అది అన్నాక వినేవాళ్లు వెంటనే 'బట్' కోసం ఎదురుచూస్తారు. 'మీటింగ్ ఇన్ థియరీ ఐదింటికి అయిపోతుంది' అన్నారంటే ఆరు దాటుతుందని అందరికీ అర్థమైపోతుంది. బాస్‌కి రాసే మెయిల్లో మాత్రం కొంచెం చూసుకుని వాడండి, వెటకారం అనుకోగలరు.

స్పెల్లింగ్ సంగతి కూడా చెప్పేస్తాను. థియరీ ఉంది కదా అని ఆర్ తర్వాత ఐ పెట్టేస్తుంటారు, అక్కడ రావాల్సింది 'ఈ' (e) అక్షరం: theoretical. పలికేటప్పుడు కూడా ఒత్తు ఆ 'రె' మీదే పడుతుంది.