పాత వీధిని వీధివాళ్లే కాపాడుకోవడం ఎలా?

ఆదివారం పొద్దున్నే, దుకాణాలు తెరవకముందే మొదలుపెట్టండి. ఇద్దరు ముగ్గురు చాలు. సంఘానికి పేరు, బ్యానరు, అధ్యక్షుడి ఎన్నిక తర్వాత చూసుకోవచ్చు. వాటితో మొదలైన పనులు చాలావరకు వాటి దగ్గరే ఆగిపోతాయి.

1. నడవండి, రాయండి. గుడి, దర్గా, ఆషూర్‌ఖానా (పీర్ల చావిడి) ఎవరైనా రాస్తారు. మీరు అరుగులు, చెక్క కమ్మీల కిటికీలు, మూతపడిన బావి, ఇస్త్రీ బండి ఏ చెట్టు నీడన ఉంటుందో కూడా రాయండి. ప్రతి ఫొటోకూ తేదీ, ఇంటి నంబరు చేర్చండి.

2. పెద్దవాళ్లను అడగండి. "పాత రోజుల గురించి చెప్పండి" అంటే "ఏముంది నాయనా, అంతా మారిపోయింది" అని ఊరుకుంటారు. "నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేవారమ్మా?" అని అడగండి. బావి, గిలక, బిందెల వరస, ఆ వరసలో జరిగిన తగువులు, చివరికి ఆ తగువులోనే కుదిరిన పెళ్లి సంబంధం కూడా బయటకు రావచ్చు. అడిగి మరీ రికార్డు చేయండి, ఒక కాపీ ఆ ఇంటివాళ్లకు ఇవ్వండి.

3. కాగితాలు వెతకండి. హైదరాబాద్ వాళ్లకు లియొనార్డ్ మన్ 1912–15 మధ్య సర్వే చేసి గీయించిన పటాలు ఉన్నాయి. 1908 మూసీ వరద తర్వాతి నగరం వాటిలో కనిపిస్తుంది. 1901లో పుట్టి, ఇప్పుడు సుల్తాన్ బజార్‌లో ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గ్రంథాలయానికి వెళ్లి పాత పత్రికలూ తిరగేయండి.

4. గోడ ముట్టుకునే ముందు ఆగండి. ఎక్కువ నష్టం ఇక్కడే, అదీ మంచి ఉద్దేశంతోనే జరుగుతుంది. రాలుతున్న పూతను తాళంచెవితో మెల్లగా గీయండి. తేలిగ్గా పొడి రాలితే అది సున్నం కావచ్చు. దానిమీద సిమెంటు పూస్తే లోపలి తేమకు దారి ఉండదు, కొన్నాళ్లకు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది, పాత ఇటుకనూ వెంట తీసుకుపోతుంది. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతకండి. గానుగలో ఇసుకతో నూరిన ఆ సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్లు ఎందుకు కలుపుతారో ఆయనే చెబుతాడు. కూలి ఎక్కువే. కానీ రెండుసార్లు చేయించే ఖర్చు అంతకన్నా ఎక్కువ.

5. అర్జీ పెట్టండి. తెలంగాణలో వారసత్వ కట్టడాలను కాపాడేందుకు 2017 నాటి చట్టం ఉంది. మీ జాబితా, ఫొటోలు, సంతకాలు జతచేసి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

6. అద్దెకున్నవాళ్లను కలుపుకోండి. యజమానులు మాత్రమే కూర్చునే సమావేశంలో భవనం గురించే మాట్లాడతారు. వీధిని ఉదయం ఊడ్చి, రాత్రి దాకా మెలకువగా ఉంచేది మాత్రం టీ కొట్టువాళ్లు, దర్జీలు, వెనక గదుల్లోని కుటుంబాలు. మరమ్మతు అయ్యాక అద్దె పెరిగితే వాళ్లు ఎక్కడికి పోతారన్నది మొదటి సమావేశంలోనే అడగండి.

సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్ల బావిని ఒకసారి చూసి రండి. ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయిన ఆ బావిని బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచారు. వచ్చేటప్పుడు మీ వీధి బావి మూత ఎవరి మెట్ల కింద ఉందో కనుక్కోండి.