పల్లె రోడ్డుకు సహజ తారు: ఎక్కువకాలం నిలవాలంటే

బళ్లు తక్కువ తిరిగే రోడ్డు బరువు కంటే ఎండకూ నీళ్లకే ముందు పాడవుతుంది. చక్రాల తొక్కుడు లేక పైపొర బిగుసుకోదు. సందుల్లో గాలి ఆడి తారు పెళుసెక్కుతుంది. సహజ తారుల్లో, అంటే నేలలోంచి నేరుగా దొరికే తారుల్లో, చాలా రకాలు అసలే గట్టివి, కాబట్టి ఇక్కడ మరింత జాగ్రత్త కావాలి.

శుద్ధి చేసిన ట్రినిడాడ్ సరస్సు తారులో సగానికి కాస్త పైగా బిటుమెన్ (కంకరను అంటిపెట్టే నల్లటి జిగురు) ఉంటుంది, మిగతాది చాలావరకు సన్నటి ఖనిజపు పొడి. ఇండోనేషియాలోని బుటన్ దీవి రాతి తారులో ఇంకా తక్కువ. కెనడాలోని అథబాస్కా ఇసుకలో సుమారు 10 శాతమే, అదీ మెత్తనిది. ఒకే గనిలో కూడా తేడాలుంటాయి. అందుకే ప్రతి లోడుకూ బిటుమెన్ శాతం, దాని పెనెట్రేషన్ (సూది ఎంత లోతు దిగుతుందో చూసి మెత్తదనం కొలిచే లెక్క), తేమ పరీక్షించాల్సిందే.

100 కిలోల మిశ్రమానికి 6 కిలోల బిటుమెన్ కావాలనుకుందాం. 20 శాతం ఉన్న రాతి తారు 10 కిలోలు వేస్తే 2 కిలోలు అందులోంచి వస్తుంది, మిగతా 4 కిలోలు మెత్తటి బిటుమెన్ కలపాలి. రాతి తారుతో వచ్చిన 8 కిలోల రాతిపొడిని, మిశ్రమంలో విడిగా వేసే డస్ట్ (సన్నటి రాతిపొడి) లెక్కలోంచి తీసేయాలి. తీయకపోతే పొడి ఎక్కువై, కంకరకు తారు చాలక, పైపొర రేగిపోతుంది. ఇంకో చిక్కు: ల్యాబులో తేలిన బిటుమెన్ అంతా పనికి రాదు. గింజ లోపల చిక్కుకున్నది కంకరను పట్టుకోదు. వేడి చేయకుండా కలిపే చల్లటి మిశ్రమంలో ఇది మరీ ఎక్కువ. సన్నగా దంచిన సరుకే తీసుకోండి.

తారు పట్టించిన కంకరను 40 డిగ్రీల నీటిలో 24 గంటలు ఉంచి చూడండి. 5 శాతం కంటే ఎక్కువ రాయి బయటపడితే, కంకర బరువులో 1-2 శాతం తడిపి ఆరిన సున్నపు పొడి కలపాలి.

రోడ్డు నడుమ నుంచి రెండు అంచులకూ వాలు 3 శాతం పెట్టండి. 3 మీటర్ల రోడ్డుకు నడుమ భాగం అంచుకంటే 4.5 సెంటీమీటర్లు ఎత్తుండాలి, దారం కట్టి కొలవండి. పక్కమట్టి అంచుకంటే ఎత్తు పెరిగితే నీళ్లు రోడ్డుమీదే నిలుస్తాయి. గుంతలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. వేడి మిశ్రమమైతే 100 డిగ్రీలకు దిగేలోపే రోలింగ్ ముగించాలి, పొరలో మిగిలే గాలి ఖాళీలు 7 శాతం దాటకూడదు.

పైభాగం తెల్లబారి, చేత్తో రుద్దితే ఇసుక రాలుతుంటే ఆలస్యం చేయకండి. నెమ్మదిగా గట్టిపడే ఎమల్షన్‌లో (నీళ్లలో సన్నటి బొట్లుగా కలిపిన బిటుమెన్) సమానంగా నీళ్లు కలిపి, చదరపు మీటరుకు 0.5 నుంచి 1 లీటరు చల్లాలి. నీళ్లనే ఎమల్షన్‌లో పోయాలి, తిరగేస్తే విరిగిపోవచ్చు. 3 మిల్లీమీటర్లు దాటిన పగుళ్లను ముందే నింపుకోవాలి.